మసిడబ్బాల మేస్త్రి

గొట్టాల మేస్త్రి చెయ్యి పడని ఇనప పొయ్యి ఆ ఊళ్ళో లేదనే చెప్పాలి. కొన్ని తనే చేశాడు, కొన్నిటికి గొట్టాలు వేశాడు, మిగతావాటిని అంతో ఇంతో బాగుచేశాడు. చుట్టూ కొండలు, నడుమ గిన్నె అడుగున పేర్చినట్టు ఇళ్ళు. ఏడాదిలో ఐదు నెలలు చలి. ప్రతి ఇంటి ముందుగదిలోనూ నడుమెత్తు పొయ్యి, దాని వీపు నుంచి పైకప్పు దాకా రేకు గొట్టం. కట్టెలు మండితేనే గది వెచ్చబడేది, నీళ్ళు కాగేవి, వంటయ్యేది. గాలి కదలని రోజుల్లో ఆ పొగంతా కొండలు దాటలేక ఊరి మీదే కూర్చునేది. మిట్టమధ్యాహ్నం కూడా వీధి చివర మనిషి ఆనేవాడు కాదు. ఆరేసిన తెల్లబట్టలు మడతపెట్టే వేళకి బూడిదరంగు తిరిగేవి. చలికాలమంటే అంతేలే అనుకునేవాళ్ళు జనం. మేస్త్రి కూడా అలాగే అనుకున్నాడు, భార్యకి దగ్గు పట్టుకునేదాకా.

ఆవిడ మాటకారి మనిషి. ఇంట్లోనే బట్టలు కుట్టేది. వాళ్ళింటి పొయ్యి పెళ్ళయిన కొత్తలో మేస్త్రి ముచ్చటపడి చేసింది. దాని తలుపు మీద రెండు ఆకుల బొమ్మలు కూడా చెక్కాడు. "నన్ను చేసుకుంటూ చేసుకుంటూ ఈ ఇనప సవతిని కూడా తెచ్చిపెట్టాడమ్మా. నాకన్నా దానికే సేవలెక్కువ" అని కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. నవ్వించిందే గానీ, ముప్పై ఏళ్ళు ఆ సవతి పక్కనే కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. వేళ్ళు కొంకర్లు పోకుండా ఉండాలంటే వెచ్చదనం కావాలి మరి.

ఒక చలికాలం దగ్గు మొదలై ఎండాకాలం వచ్చినా తగ్గలేదు. మెట్లెక్కితే ఆయాసం, సూదిలో దారం ఎక్కిస్తూ ఆయాసం. చివరికి మేస్త్రి ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "సిగరెట్లు ఎన్నేళ్ళ నుంచి కాలుస్తున్నారమ్మా?" అని అడిగాడు.

"ఇంకా మొదలెట్టలేదు డాక్టరుగారూ. ఇప్పుడు మొదలెట్టమంటారా?"

డాక్టరు నవ్వలేదు. "ఇంట్లో కట్టెల పొయ్యా?"

"అవునండీ. మా ఆయనే చేశారు" అంది ఆవిడ, ఊరందరికీ చెప్పినట్టే, కాస్త గర్వంగానే.

మేస్త్రి తలెత్తలేదు. నేల మీద పలకలు లెక్కపెడుతున్నవాడిలా కిందికే చూస్తూ కూర్చున్నాడు. పాడైపోయిన ఊపిరితిత్తులు మళ్ళీ బాగుపడవనీ, ఉన్నంతవరకూ కాపాడుకోవడమేననీ డాక్టరు చెబుతుంటే వినపడింది గానీ, ఎవరి గురించో చెబుతున్నట్టే ఉంది. ఇంటికొచ్చాక ఆవిడే అంది: "ఏమయ్యా, అలా మొహం వేలాడేసుకోకు. నువ్వేం కావాలని చేశావా?"

మేస్త్రి లేచి, ఆవిడ కుట్టుమిషనుని పొయ్యి పక్క నుంచి దూరంగా జరిపాడు.

ఆ ఏడే మునిసిపాలిటీవాళ్ళు కొత్త పథకం ఒకటి మొదలుపెట్టారు. పొయ్యిలు మార్చనక్కర్లేదు, ఉన్న గొట్టానికే మధ్యలో ఒక ఫిల్టరు డబ్బా బిగిస్తారు. డబ్బాలో ఒకదాని వెనక ఒకటి మూడు సన్నటి జాలీలు. పొగ వాటి గుండా పోతే మసీ నుసీ అక్కడే ఆగిపోతాయి, పైకి వచ్చేది పలచటి ఆవిరి. పక్కనే, పొగ జాలీలకి తగలకుండా నేరుగా పైకి పోయే దారికి ఒక మూత. నిప్పు రాజేసేటప్పుడు అది తీసి ఉంచాలి, మంట అందుకున్నాక మూసెయ్యాలి. పదిహేను రోజులకోసారి డబ్బా తలుపుకున్న, వేళ్ళతో తిప్పే రెండు చెవుల నట్లు విప్పి, జాలీలు బయటికి తీసి బ్రష్షుతో దులపాలి. అంతే పని. కొండవాలు వార్డులో ముందుగా వెయ్యాలనుకున్నారు. బిగించడానికి రేకుపని తెలిసినవాళ్ళు కావాలన్నారు. మేస్త్రి అందరికన్నా ముందు వెళ్ళి నిలబడ్డాడు.

పథకం చూసే ఇంజనీరమ్మ చిన్న వయసు మనిషి, చురుకైంది. "మీరు చేసిన పొయ్యిలకి మీరే డబ్బాలు వేస్తానంటున్నారు. మీ పనికి మీరే వంక పెట్టుకున్నట్టు కాదా మేస్త్రిగారూ?" అంది సరదాగా.

"వంక ఉందండి. అందుకే వచ్చాను" అన్నాడు మేస్త్రి.

మొదటి డబ్బా తనింట్లోనే బిగించాడు. ఆ చలికాలం దిగేలోపు వార్డులో సగం ఇళ్ళయ్యాయి. గొట్టం కొయ్యడం, డబ్బా కూర్చోబెట్టడం, అతుకుల్లో మట్టి మెత్తడం, ఇంటివాళ్ళకి వాడే పద్ధతి చెప్పి కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. జనం వాటికి మసిడబ్బాలని పేరు పెట్టారు. పనిలో పనిగా మేస్త్రి పేరూ మారింది. కొందరు వెక్కిరించారు, కొందరు మూత ఎప్పుడూ తీసే ఉంచి పొగని పాత దారినే పంపించారు. అయినా తేడా కనబడింది. జనవరిలో ఒక మధ్యాహ్నం మేస్త్రి భార్య కిటికీ తెరిచి కేక పెట్టింది. ఆ నెలలో కిటికీ తెరవడం ఎన్నేళ్ళ తరవాతో!

"ఏమయ్యా, ఇలా రా! ఆ కొండ మీద చెట్లున్నాయి!"

"ఎప్పుడూ ఉన్నాయే."

"ఉంటే నాకు చెప్పొద్దూ?" అని నవ్వబోయి దగ్గింది. కానీ ఆ చలికాలం ఆసుపత్రిలో పడుకోకుండానే గడిచింది. మేస్త్రికి చాన్నాళ్ళ తరవాత నిద్ర పట్టింది.

మరుసటి చలికాలం మిగిలిన సగం. అందులో టీచరమ్మ ఇల్లొకటి.

టీచరమ్మ ఆ వార్డులో సగం మందికి లెక్కలు నేర్పిన మనిషి, మేస్త్రికి కూడా. డెబ్భై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరిగా ఒకే గదిలో ఉండేది. బస్సు కండక్టరుగా చేసే తమ్ముడొకడు ఊరికి అవతలి కొసన ఉండేవాడు. మేస్త్రి డబ్బా బిగిస్తున్నంతసేపూ ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, పరీక్ష పెట్టినట్టు ప్రశ్నలడిగింది. తరవాత ఒక తెల్లకాగితం మీద వాడే పద్ధతంతా గుండ్రటి అక్షరాలతో రాసుకుని పొయ్యి పక్క గోడకి అంటించింది. కింద తారీకులకి గళ్ళు కూడా గీసింది.

"మూత మాత్రం మర్చిపోకుండా ముయ్యాలి టీచరమ్మా. చాలామంది తీసే ఉంచుతున్నారు."

"నేను తియ్యనురా. పక్కింట్లో నెలల పిల్ల ఉంది. నా పొగ దాని ముక్కులోకి పోవడమేమిటి?"

అప్పుడు మేస్త్రి నట్లు విప్పడం చూపించి, మీరొకసారి తిప్పండి అన్నాడు. ఆవిడ వేళ్ళు పెట్టింది. కణుపులు ఉబ్బి, వేళ్ళు పక్కకి తిరిగిపోయి ఉన్నాయి. నట్టు కదల్లేదు. రెండో చేత్తో చేసింది, అదీ కదల్లేదు. "మొండికేశాయిరా" అంది, వేళ్ళనో నట్లనో.

"పర్లేదు టీచరమ్మా. మీ తమ్ముడుగారు వచ్చినప్పుడు తీయించుకోండి. పదిహేను రోజులకోసారేగా."

"వాడు బస్సుల మీద తిరిగే మనిషి. సరేలే, చూసుకుంటాను." కాగితం మీద సంతకం పెట్టింది, ఆ సంతకం కూడా కష్టపడే పెట్టింది.

ఆ రోజు ఇంకా మూడిళ్ళున్నాయి. దీనికొక పొడవాటి పిడి లాంటిది పెడితే బాగుంటుంది అని మెట్లు దిగుతూ మేస్త్రి అనుకున్నాడు. రెండో ఇంటికి చేరేసరికి ఆ సంగతి మర్చిపోయాడు.

ఏడు వారాల తరవాత ఒక పొద్దున పోలీసు ఒకతను దుకాణానికి వచ్చి, "మేస్త్రీ, ఒక పొయ్యి చూసి చెప్పాలి, రండి" అన్నాడు. ఎవరి పొయ్యో చెప్పలేదు. సందు మలుపు తిరిగేసరికి టీచరమ్మ గుమ్మం ముందు జనం కనబడ్డారు.

టీచరమ్మని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. దుప్పటి సగం జారిన మంచం, దాని కింద చెప్పులు జతగా సర్ది ఉన్నాయి. చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో కాగితాలు కుక్కి ఉన్నాయి. పొయ్యిలో కట్టెలు పూర్తిగా కాలక నల్లగా మిగిలాయి. పక్కింటి ఇల్లాలు తలుపు కొట్టి కొట్టి, పలక్కపోతే తమ్ముడికి కబురు చేసిందట. అతనొచ్చి తలుపు పగలగొట్టాడట. నిద్రలోనే పోయిందన్నారు. పొగ కూడా పెద్దగా లేదట, వాసన లేని విషవాయువేనట.

మేస్త్రి డబ్బా దగ్గరికి వెళ్ళాడు. మూత సరిగ్గా మూసి ఉంది. నట్ల మీద గీతలు పడి ఉన్నాయి. చెంచాతోనో దేనితోనో మెలిపెట్టినట్టున్నాయి. ఒక నట్టుకి పట్టు దొరకాలని గుడ్డపీలిక చుట్టి దారంతో కట్టి ఉంది. అతను దాన్ని విప్పకుండా అలాగే తిప్పి తలుపు తెరిచాడు. జాలీల మీద మసి కంబళిలాగా మందంగా పేరుకుని ఉంది. ఊదినా గాలి దూరేలా లేదు. పైకి దారి లేక, కాలీ కాలని కట్టెల విషమంతా గదిలోకే తిరిగొచ్చింది. గోడ మీద కాగితంలో మొదటి గడిలో టిక్కు ఉంది. రెండోది ఖాళీ. మూడోది కూడా ఖాళీయే.

వార్డులో మూత తీసి ఉంచి అందరినీ మోసం చేసినవాళ్ళు బతికే ఉన్నారు. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి పోయింది.

"ఏం జరిగుంటుంది?" అని పోలీసు అడిగాడు.

"జాలీలు మూసుకుపోయాయి" అన్నాడు మేస్త్రి.

విచారణ మునిసిపాలిటీ ఆఫీసు మేడ మీద గదిలో పెట్టారు. ముందురోజు ఇంజనీరమ్మ దుకాణానికి వచ్చి, "మీరు భయపడకండి మేస్త్రిగారూ. సూచనలన్నీ చెప్పారు, ఆవిడ సంతకం ఉంది. అడిగినదానికి అవును, కాదు అంటే చాలు" అంది. ఆమె కళ్ళు కూడా ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. పథకం ఆగిపోతే ఎన్ని ఇళ్ళు మళ్ళీ పొగలో మునుగుతాయో ఆమెకి తెలుసు. మేస్త్రికీ తెలుసు.

బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. గుమస్తా రాసుకుంటున్నాడు. గోడవారన కండక్టరు, నలిగిన యూనిఫాంలోనే.

"డబ్బా బిగించింది మీరేనా?"

"నేనేనండి."

"వాడే పద్ధతి చెప్పారా?"

"చెప్పాను."

"సరే, చాలు, వెళ్ళొచ్చు."

మేస్త్రి లేవలేదు. "ఆవిడ వేళ్ళు ఆ నట్టు తిప్పలేవండి. నా ఎదురుగానే ప్రయత్నించారు. నేను చూశాను. చూసి కూడా అలాగే వదిలి వచ్చేశాను."

గుమస్తా కలం ఆగింది. నడుమ కూర్చున్నాయన విసుగ్గా, "అది మేమడగలేదు కదా" అన్నాడు.

"అడగలేదండి. వార్డులో అలాంటి చేతులున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ నట్లు తీసేసి పిడి పెడితే..."

"ఆమోదం పొందిన నమూనా అది. ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చడానికి వీల్లేదు."

మూడు రోజుల తరవాత కాగితం వచ్చింది. వాడకంలో అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం అని రాశారు. టీచరమ్మకి అజాగ్రత్త అంటగట్టి చేతులు దులుపుకున్నారు. కింద ఇంకో వాక్యంలో మేస్త్రిని పథకం పనుల నుంచి తప్పించారు.

ఆ సాయంత్రం కండక్టరు దుకాణానికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మొదటిసారి నేనే దులిపాను" అన్నాడు. "రెండోసారికి డ్యూటీ మార్చారు. వచ్చే వారం వస్తానక్కా అన్నాను. ఆ వారం కూడా కుదర్లేదు. తొందరేం లేదులేరా, చలిలో తిరక్కు అంది."

మేస్త్రి చేతిలో రేకు బల్ల మీద పెట్టి లేచాడు.

"నువ్వు ఆ మాట ఎందుకు చెప్పావు అక్కడ? నేను రాకపోవడం వల్లే పోయిందని నాకు తెలుసు. ఒక్కణ్ణే ఏడ్చుకుంటున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి ఆ తప్పు నీదీ అన్నావు. ఏం చెయ్యమంటావు నన్ను? చెరిసగం పంచుకోమంటావా?"

"నన్ను తిట్టండి. ఏమన్నా పడతాను."

"తిడితే నీకు బాగుంటుంది. నాకేం ఒరుగుతుంది?" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

విచారణలో అన్న మాట వారం తిరక్కుండానే ఊరంతా పాకింది. పాకుతూ పాకుతూ రూపం మార్చుకుంది. డబ్బా మనిషిని చంపుతుందని బిగించినవాడే ఒప్పుకున్నాడట అన్నారు. నెల లోపల వార్డులో డబ్బాలు ఊడిపోయాయి. పట్టకారుతో పీకినవాళ్ళున్నారు, సుత్తితో కొట్టినవాళ్ళున్నారు. కొందరు వాటిలో మేకులు దాచుకున్నారు, ఒకరెవరో పూలమొక్క పెట్టారు. పీకిన చోట గొట్టం అతుకు సరిగా వెయ్యక, ఇదివరకటికన్నా ఎక్కువ పొగే ఇళ్ళల్లోకి వచ్చింది. ఊరి మీద మళ్ళీ బూడిదరంగు కమ్ముకుంది.

మేస్త్రి ఇంట్లో కిటికీ మూతబడింది. లోపల ఎంత శుభ్రంగా ఉన్నా, తలుపు తీస్తే బయటిదంతా లోపలికే. భార్య పడుకోలేక దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే కునికేది. మిషను మీద గుడ్డ కప్పేశారు.

"చెప్పకుండా ఉండాల్సిందంటావా?" అని ఒకరోజు అడిగాడు మేస్త్రి.

ఆవిడ ఊపిరి కూడదీసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. "చెప్పకుండా ఉంటే నువ్వు ఊరుకునేవాడివా? మూతి ముడుచుకుని ఆ మూల కూర్చునేవాడివి. ఆ మొహం కూడా నేనే చూడాలి." మళ్ళీ ఊపిరి తీసుకుంది. "ఆ పిడేదో చెయ్యరాదూ? అప్పుడు మర్చిపోయావుగా."

చేశాడు. రెండు నట్లూ తీసేసి, వాటి బదులు జానెడు పొడవున్న వంపు పిడి పెట్టాడు. కిందికి నొక్కితే తలుపు దానంతటదే తెరుచుకునేలా చేశాడు. మొదటిది బరువైంది, రెండోది బిగుసుకుంది. మూడోది భార్య మంచం మీదే తెచ్చి పెట్టి, ఎడమచేత్తో నొక్కమన్నాడు. అప్పటికి ఆవిడ చేతిలో గ్లాసు పట్టుకునే బలం కూడా లేదు. మణికట్టు ఆనించింది, తెరుచుకుంది. "ఊఁ" అంది, అంతే.

అది పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్న ఇళ్ళకి ముందు వెళ్ళాడు. కొందరు మొహం మీదే తలుపేశారు. "ఇంకెవర్ని పంపించాలని వచ్చావు?" అంది ఒకావిడ. ఒకాయన కూర్చోబెట్టి అంతా విని, మర్యాదగానే వద్దన్నాడు. మునిసిపాలిటీలో ఎవరో ఫిర్యాదు కూడా చేశారు. ఇంజనీరమ్మ తనే వచ్చింది, ఆపమని చెప్పడానికి. దుకాణంలో బల్ల మీద ఉన్న పిడిని చూసింది. చిటికెనవేలితో నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"ఇది మొదట్నుంచీ ఇలాగే ఉండాల్సింది" అంది నెమ్మదిగా.

"అవునమ్మా."

కొలతలు తీసుకుని, బొమ్మ గీసుకుని పైకి పంపించింది. జవాబు రాలేదు. మళ్ళీ పంపించింది, దానికీ రాలేదు. మేస్త్రిని ఆపమని మాత్రం అనలేదు.

చలికాలం ఇక పోతుందనగా, ఒక మధ్యాహ్నం మేస్త్రి పని నుంచి వచ్చేసరికి భార్య దిండ్లకి ఆనుకుని కూర్చునే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని ఉంది. ఒళ్ళో సూది, దారం. ఆవిడ అక్క పక్కనే ఉండి కూడా గమనించలేదు. "ఇప్పుడేగా మరిదిగారూ, దారం ఎక్కడం లేదే అంది, వెలుతురు చాలట్లేదేమో అని నేను కిటికీ తెర తీశాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతూ కూర్చుంది. మేస్త్రి ఆ సూది తీసి, ఒక్కసారికే దారం ఎక్కించి, పెట్టెలో పెట్టాడు. ఎందుకలా చేశాడో తరవాత ఎవరడిగినా చెప్పలేకపోయాడు.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు ముప్పై ఒక్క ఇళ్ళల్లో మేస్త్రి పిడులు పెట్టిన డబ్బాలున్నాయి. ముప్పై ఒక్క ఇళ్ళతో ఊరి పొగ తగ్గదు. అది అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ పదిహేను రోజులకోసారి, వాళ్ళు చేసుకుంటామన్నా సరే, తనే వెళ్ళి జాలీలు దులిపి, గొట్టంలో చెయ్యి పెట్టి గాలి లాగుతోందో లేదో చూసి వస్తాడు. దగ్గు అతనికీ మొదలైంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు కాబట్టి కొండవాలుకి బస్సులో వెళ్తున్నాడు.

ఆ దారిలో తిరిగే బస్సుల్లో ఒకదానికి టీచరమ్మ తమ్ముడే కండక్టరు. మేస్త్రి బ్రష్షులూ మసిబక్కెట్టూ పట్టుకుని ఎక్కితే, అతను వెనకసీట్లో చోటు చూపిస్తాడు, టిక్కెట్టు చించి చేతిలో పెడతాడు. మొహంలోకి చూడడు. ఎక్కడ దిగాలని కూడా అడగడు. మేస్త్రి ఏ రోజు ఏ ఇంటికి వెళ్తాడో అతనికి తెలుసు. ఆ ఇంటి ముందు, స్టాపు కాకపోయినా, విజిలు వేసి బస్సు ఆపుతాడు.